ఏనుగు చెలమ

ఏరంతా ఇసుకై పడుకున్న ఎండాకాలం. ఆ దారిన పోతున్న ఏనుగు దాహంతో అల్లాడుతున్న జంతువులను చూసి జాలిపడి, ఏటి నడుమ ఇసుక తోడి ఒక చెలమ తీసి వెళ్ళిపోయింది. నీళ్ళు ఊరాయి. అందరూ దానికి "ఏనుగు చెలమ" అని పేరు పెట్టుకుని కడుపునిండా తాగారు.

నాలుగు రోజులకే అంచులు జారి చెలమ పూడిపోయింది.

"ఏనుగు తీసిందిగా, అదే వచ్చి బాగుచేస్తుందిలే," అంది దుప్పి, నాలుక పిడచకట్టుకుపోతున్నా కదలకుండా.

ముంగిసకు ఒళ్ళు మండింది. దాని పిల్లలు పొద్దుటినుంచీ తడి ఇసుక నాకుతున్నాయి.

"తాగేటప్పుడు మనది, పూడినప్పుడు ఏనుగుదా అక్కా?" అంటూ గోళ్ళతో తవ్వసాగింది. కుందేలు వచ్చి చెయ్యి కలిపింది. కాసేపు చూసి, దుప్పి కూడా సిగ్గుపడి గిట్ట ఆడించింది.

నీళ్ళు తేటపడ్డాక ముంగిస ఒక కట్టుబాటు పెట్టింది. తాగినవాళ్ళు కాస్త ఇసుక తోడి మరీ వెళ్ళాలి. దొడ్డికి మాత్రం ఒడ్డు దాటి పోవాలి.

ఎండలు ముదిరాక ఏనుగు తిరిగొచ్చింది. నిండుగా ఉన్న చెలమను చూసి ఆశ్చర్యపోయింది.

"ఇది నేను తీసిందేనా?"

"తీసింది నువ్వే మామా, కానీ ఇది మా చెలమ," అంది దుప్పి. "తాగు. పోయేముందు ఒక తొండమెడు ఇసుక తోడిపో."