పేట పెట్టెలో రెండు ఓట్లు

అబ్రహాము పార్లమెంటుకు గెలిచాడు. ముఠా పేట మాత్రం రెండు ఓట్ల గురించి కొట్టుకుంటోంది.

పటమట గోడౌన్లలో బస్తాలు మోసే ముఠా కూలీలందరూ ఉండేది ఆ పేటలోనే. అబ్రహాము వాళ్ల యూనియన్ నాయకుడు. ఎమర్జెన్సీలో జైలుకు పోయి, విడుదలై ఇంటికి రాగానే ఎన్నికల్లో నిలబడ్డాడు. బస్తా మోసిన మనిషి ఢిల్లీకి పోతున్నాడంటే పేటలో పొయ్యి ఆరకుండా పండగ జరగాలి. కానీ లెక్కింపు దగ్గర ఏజెంటుగా కూర్చున్న ఆమోసు ఒక కబురు మోసుకొచ్చాడు. పేటవాళ్ల ఓట్లు పడ్డ పెట్టెలో రెండు కాగితాల మీద ముద్ర ఎదుటివాడి గుర్తుకు పడిందట.

ఆ ఇద్దరు ద్రోహులెవరని పేటంతా ఆరా తీస్తోంది. రూతుకు వాళ్లలో ఒకరు తెలుసు. అబ్రహాము పెళ్లాం రూతే ఆ ఒకరు.

అలా వెయ్యాలనుకుని వెళ్లలేదు. ఓటు కాగితం చేతికొచ్చేదాకా భర్త గుర్తు మీదే గుద్దుదామనుకుంది. తెర చాటుకు వెళ్లాక జైలు గేటు గుర్తొచ్చింది. పిల్ల విషజ్వరంతో చనిపోతే, మట్టి వెయ్యడానికి కూడా తండ్రి లేకపోవడం గుర్తొచ్చింది. మనిషి ఇంటికొచ్చి పట్టుమని పది ముద్దలు తిన్నాడో లేదో, మళ్లీ ఢిల్లీ అంటున్నారు. ఓడిపోతే ఇంట్లో ఉంటాడు కదా అనిపించింది. ముద్ర పక్క గుర్తు మీద పడిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

అబ్రహాము కూడా సరిగ్గా తినడం లేదు. గెలిచిన దగ్గర్నుంచీ ఆమె ముఖంలోకి చూడటం లేదు. ఎవరైనా వచ్చి దండ వేస్తే దించుకున్న తల ఎత్తడు. ఒంటరిగా ఉన్నప్పుడు వేలి మీది సిరా చుక్కను రుద్దుకుంటూ కూర్చుంటాడు. ఆయనకు తెలిసిపోయిందని రూతు గుండెలో రాయి పడింది.

పేటకు మాత్రం వేరే మనిషి దొరికాడు, లాజరు. పోయినసారి యూనియన్ సెక్రటరీ పదవికి అబ్రహాము మీద పోటీ చేసింది అతనే. యూనియన్లో ఓటు కాగితాలుండవు, చేతులెత్తడమే. పోటీలో ఉన్నవాడు తన చెయ్యి ఎదుటివాడికే ఎత్తడం ముఠా మర్యాద. అబ్రహాము లాజరుకు ఎత్తాడు, లాజరు కూడా ఆ మర్యాద తప్పకుండా అబ్రహాముకే ఎత్తాడు. అది పైపై మర్యాదే, కడుపులో మంట ఇప్పుడు బయటపడిందని అందరూ తేల్చేశారు. ఒక ఓటు అతనిది, రెండోది పెళ్లాం శౌరమ్మది. లెక్క సరిపోయింది.

మధ్యాహ్నం శౌరమ్మ వచ్చి రూతు వాకిట్లో కూలబడింది.

"వదినా, మమ్మల్ని ముఠాలోంచి తీసేస్తారంట. నీ ఓటు ఎటేశావో నీకెంత తెలుసో, నా ఓటు నాకూ అంతే తెలుసు గదా. అన్నకే గుద్దాను. నువ్వొక్క మాట చెప్పు అన్నతో."

రూతు ఆమె చెయ్యి పట్టుకుంది. ముఠాలో పేరు పోతే బెంజ్ సర్కిల్ నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఏ గోడౌనూ లాజరును బస్తా ముట్టుకోనివ్వదు. తను చేసిన పనికి ఇంకొకరి పొయ్యి ఆరిపోతోంది.

సాయంత్రం సన్మాన సభ. అబ్రహాము చొక్కా వేసుకుంటుంటే రూతు గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, లాజరన్న కాదండీ."

ఆయన చేతులు గుండీల దగ్గర ఆగిపోయాయి.

"నాకూ తెలుసు," అన్నాడు నేల చూస్తూ.

"మరి చెప్పరా వాళ్లకి?"

"పస్తులుండి నాకోసం ఊరూరా తిరిగారు రూతూ. ఈ మాట చెప్పి వాళ్ల ముఖాలెట్లా చూడను?"

తనను కాపాడటానికి ఈ మనిషి లాజరును బలిపెడుతున్నాడనుకుంది రూతు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

గోడౌను షెడ్డు కిక్కిరిసిపోయింది. దండలు వెయ్యడం అయింది. యూనియన్ ప్రెసిడెంటు బసవపున్నయ్య మైకు పక్కకు జరిపి లాజరును ముందుకు పిలిచాడు.

"ప్రభువు సాక్షిగా అన్నకే గుద్దానండి," అన్నాడు లాజరు.

"మరి ఎవరు గుద్దినట్టు?" బసవపున్నయ్య జనం వైపు తిరిగాడు. "మన పద్ధతి మనకుంది. ఎదుటివాడికి ఓటేసినోళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తకపోతే రేపట్నుంచి లాజరుకు ముఠాలో చోటు లేదు."

శౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

రూతు ఆడవాళ్ల వరసలో వెనక కూర్చుని ఉంది. లేచి నిలబడింది. ఆయన పరువు, ఆయన గెలుపు, ఈ ముప్పయ్యేళ్ల కాపురం అన్నీ మట్టి కొట్టుకుపోయినా సరే అనుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యెత్తింది.

షెడ్డులో ఒక్క కేక లేదు, ఒక్క తిట్టు లేదు.

"నువ్వా?" అన్నాడు బసవపున్నయ్య.

అవునని చెప్పడానికి రూతు కళ్లు తెరిచింది. ఆమె వైపు ఎవరూ చూడటం లేదు.

వేదిక మీద, మెడ నిండా దండలతో, సిరా చుక్క ఉన్న చెయ్యి పైకెత్తి అబ్రహాము నిలబడి ఉన్నాడు.