హెస్టర్ గారి పొలంలో దండు

"నువ్వే పాతిపెట్టి నువ్వే తవ్వుకుంటున్నావు, ఓరిన్. ఆ మాటేదో ఒప్పేసుకుంటే గొడవ వదిలిపోతుంది," అన్నాడు లైమన్ పెక్, హెస్టర్ ఇంటి వరండా మెట్టు మీద మూడు పాత గుండీలు పరిచి.

పాత సిపాయిల ఆనవాళ్ల కోసం, లోహం పసిగట్టే మిషన్లు పట్టుకుని పొలాలు గాలించేవాళ్లకి హడ్సన్ లోయలో ఒక సంఘం ఉంది. లైమన్ దానికి అధ్యక్షుడు. ఓరిన్ టటిల్ అందులో అందరికన్నా పాతకాపు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, భార్య పోయింది. ఏప్రిల్ నుంచీ ప్రతి శనివారం హెస్టర్ వాన్ స్లైక్ పచ్చికలో తవ్వుతున్నాడు. హెస్టర్ ఆ ఇంట్లో ఒంటరి మనిషి. కాఫీ కప్పులు పట్టుకుని బయటికొస్తూ ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయింది.

లైమన్ ఒక్కో గుండీ మీదా వేలు పెట్టి చెప్పుకొచ్చాడు. ఇది ఫ్రెంచివాళ్లది. ఇది వాళ్లతో కొట్లాడిన ఇంగ్లీషు పటాలానిది. పోనీ, ఆ రెండూ ఒకచోట దొరికాయంటే సరిపెట్టుకోవచ్చు. మూడోదాని మీద ఈ దేశపు ముద్ర, డేగ ఉంది. ఈ దేశానికి స్వతంత్రం వచ్చాక గాని ఆ డేగ గుండీల మీద వాలలేదు.

"చచ్చినవాళ్లూ, అప్పటికింకా పుట్టనివాళ్లూ కలిసొచ్చి ఈవిడ పొలంలో గుడారాలు వేసుకున్నారంటావా? సంఘంలో అందరూ నవ్వుతున్నారు."

ఓరిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బూట్లకంటిన మట్టిని పుల్లతో గీకుతూ కూర్చున్నాడు.

సాయంత్రం సంఘం సమావేశంలో ఓరిన్ పేరు కొట్టేయక తప్పదన్నాడు లైమన్. పేరు కొట్టేశారని తెలిస్తే లోయలో ఏ రైతూ ఇక ఓరిన్‌ని కంచె దాటనివ్వడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. లైమన్ గొంతు తగ్గించాడు.

"నేను పాతలేదు అని ఒక్క మాట అను. నమ్ముతాను."

"దొరికినవి దొరికినట్టు చూపించాను," అన్నాడు ఓరిన్. "ఇంకేం అడగొద్దు."

అతను అబద్ధమాడడం లేదని తెలిసిన మనిషి హెస్టర్ ఒక్కతే.

మొదటి శనివారం ఊట పక్కన అతనికి ఒక తగరపు గుండీ దొరికింది. అది నిజంగా సిపాయిలు పారేసుకున్నదే. చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చి, ఆమె వంటింటి బల్ల మీద దాన్ని కడిగి పెట్టాడు. ఏ కుర్రాడో చలికి కోటు బిగించుకుంటుంటే ఊడి ఉంటుందని, వాళ్లమ్మ కుట్టిన దారం ఇంకెన్నాళ్లు ఆగుతుందని, కాఫీ చల్లారిపోయేదాకా చెప్తూనే ఉన్నాడు. హెస్టర్ వాళ్ల అన్నయ్య పోయాక ఆ బల్ల దగ్గర రెండో కుర్చీలో ఎవరైనా కూర్చోవడం అదే మొదలు. ఆ తర్వాత అన్ని శనివారాలూ ఉత్తి చేతులే. చివరికొకరోజు ట్రక్కెక్కుతూ, ఈ పొలంలో ఇంకేం మిగల్లేదనుకుంటానన్నాడు.

ఆ వారమే హెస్టర్ అటక ఎక్కింది. అన్నయ్య సంతల్లో కొని పోగేసిన గుండీలు అక్కడ డబ్బాలో ఉన్నాయి. అప్పట్నుంచీ శుక్రవారం మధ్యాహ్నం కాగానే, చిన్న తాపీతో గడ్డి పెళ్ల లేపడం, గుండీ పెట్టడం, పెళ్ల కప్పి కాలితో నొక్కడం. ఆమె కంటికి ఫ్రెంచిదైనా ఇంగ్లీషుదైనా గుండీ గుండీయే. డేగని చూసి, ఇది బాగుంది, చూస్తే మురిసిపోతాడు అనుకుంది.

ఇప్పుడు నోరు మూసుకుంటే అతని పరువు పోతుంది. నోరు విప్పితే శనివారాలు పోతాయి.

కప్పులు రెయిలింగు మీద పెట్టింది.

"అవి పాతింది నేను, లైమన్."

లైమన్ వెనక్కి తిరిగాడు. "మీరా? మీకెందుకండీ ఈ పని?"

"ఏమీ దొరక్కపోతే వచ్చే శనివారం ఆయన రాడు. అందుకు."

లైమన్ ఆమెని చూశాడు, ఓరిన్‌ని చూశాడు. తర్వాత ఎటు చూడాలో తెలియక గుండీలు ఏరి మెట్టు మీదే కుప్పగా పెట్టాడు. సంఘానికి తను సర్దిచెప్పుకుంటానని, తొందరపడ్డానని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అతని కారు రోడ్డెక్కేదాకా ఇద్దరూ అటే చూశారు.

ఓరిన్ లేచి, గోడకి ఆనించిన మిషను తీసుకుని ట్రక్కు వైపు నడిచాడు.

"మిమ్మల్ని వెర్రివాణ్ణి చేశాను," అంది హెస్టర్ అతని వీపుతో. "ఎండనకా వాననకా దాన్ని మోయించాను. తిట్టాలనుంటే తిట్టేసి వెళ్లండి."

అతను తిట్టలేదు. మిషను ట్రక్కు వెనకాల పడేసి తలుపు మూశాడు. ఇంజను చప్పుడు వినడం ఇష్టంలేక హెస్టర్ లోపలికి తిరిగింది. కాఫీ పారబోయాలి, రెండో కుర్చీ గోడవారకి జరపాలి అనుకుంటూ కప్పుల కోసం చెయ్యి చాపింది.

ఒక కప్పు అప్పటికే ఓరిన్ చేతిలో ఉంది. మళ్లీ మెట్టు మీద కూర్చుని, పక్కన ఆమెకి చోటు వదిలి, ఒక గుక్క తాగాడు.

"ఆ మిషను జూన్‌లోనే పాడైపోయింది, హెస్టర్. అప్పట్నుంచీ మీరు కప్పిన పెళ్ల మీద గడ్డి ఎక్కడ వాడిపోతే అక్కడ తవ్వుతున్నాను."