ఉల్క పడాల్సిన ఇల్లు

మొదటి రాయి గాల్లోనే కాలిపోయింది. పక్కింటికి పెచ్చు కూడా ఊడలేదు. టైలరమ్మకు ఒళ్లు మండింది.

అది ఎనిమిదో తరగతి కూతురికి బడివాళ్లు పంపిన వెబ్‌సైటు. భూమి గురించీ అంతరిక్షం గురించీ పిల్లలు ఇంట్లో నేర్చుకోవడానికి. అగ్నిపర్వతాలు, భూకంపాలు, గ్రహణాలు, అన్నీ ఉన్నాయి. టైలరమ్మకు నచ్చింది మాత్రం ఒక్కటే. మ్యాపులో ఓ చోటు చూపించి, రాయి సైజూ వేగమూ చెబితే అక్కడ ఉల్క పడుతుంది. ఎంత గొయ్యి పడిందో, ఏయే ఇళ్లు కూలాయో చూపిస్తుంది.

"అమ్మా, అది నా హోంవర్కు!"

"నీది రేపైనా చేసుకోవచ్చు. నాది ఇవాళే అవ్వాలి."

ముందుగదిలో మూడు మోటారు మిషన్లు దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఊపిరి సలపని పని ఉండేది. పక్కింట్లో కొత్తగా దిగిన మనిషి ఎక్కడో అర్జీ పెట్టింది. ఇళ్ల మధ్య షాపు నడపకూడదన్నారు. మూయించారు. ఇప్పుడు ఈగలు తోలుకోవడమే. ఆ మహాతల్లి ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతుంది.

సైటులో సందేహాలడిగే చోట టైలరమ్మ కూతురి మారుపేరు "ఉల్క"తో రాసింది.

"ఒక్క ఇల్లే కూలాలి. పక్కనున్న మా ఇల్లు దక్కాలి. ఎలా?"

"తోకచుక్క" పేరుతో ఇంకో తల్లి జవాబిచ్చింది.

"మామూలు రాయి గాల్లోనే పగిలిపోతుంది. ఇనుప రాయి తీసుకో. ఏటవాలుగా వద్దు, నిటారుగా దించు. నేనూ అదే పనిలో ఉన్నాలే!"

ఈసారి పక్కింటావిడ వంటిల్లు మటుమాయం. టైలరమ్మ ఆ పూట కడుపునిండా తింది.

ఇక మధ్యాహ్నాలు ఇద్దరికీ అదే కాలక్షేపం. ఇసుక నేలలో గొయ్యి ఎంత, రాతి నేలలో ఎంత అని పిల్లల పాఠాలన్నీ తిరగేశారు. అక్కా చెల్లీ అని పిలుచుకునేదాకా వచ్చారు.

"ఎందుకు చెల్లీ, నీకంత కసి?" అంది తోకచుక్క ఓ రోజు.

"నా పొట్ట కొట్టిందక్కా. మరి నీకు?"

తోకచుక్క పెద్ద జవాబే రాసింది.

"నాది రాత్రి డ్యూటీగా ఉండేది. పగలు పడుకోవాలి. పక్కింటావిడ రొదతో కునుకు పట్టనిచ్చిందా! రెండుసార్లు కిటికీ దగ్గర నిలబడి బతిమాలాను. తల కూడా ఎత్తలేదు. ఓ రాత్రి డ్యూటీలో కళ్లు మూతపడ్డాయి. ఉద్యోగం ఊడింది. పిల్లాణ్ణి ఎలా సాకాలో తెలీట్లేదు."

టైలరమ్మకు కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కోపం నషాళానికంటింది. అంత పొగరా? పక్కనున్న మనిషి గోడు వినబడదా?

"ఏం మనిషక్కా! దాన్ని నాకొదిలెయ్. మ్యాపులో ఇంటికి గుర్తు పెట్టి పంపు. నా చేత్తో వేస్తా."

"నువ్వు వేస్తే నాకు ఇంకా తృప్తి, చెల్లీ."

గుర్తు లింకుగా వచ్చింది. టైలరమ్మ ఇనుప రాయి ఎంచుకుంది. నిటారుగా నిలబెట్టింది. అక్క ఇంటికి దెబ్బ తగలకుండా సైజు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. వేగం చివరిదాకా పెంచి, పళ్లు నూరుతూ ఆ గుర్తు మీద నొక్కింది.

మ్యాపు గిర్రున తిరిగి, ఎర్ర చుక్క నేరుగా వచ్చి ఆమె కూర్చున్న ఇంటి కప్పు మీదే వాలింది.