ఆట వదిలేదాకా

మ్యాట్నీ ఇంటర్వెల్లో గొడవ మొదలైంది.

"మా ఆవిడ మొహంలోకి అలా తేరిపార చూస్తాడేంటండీ?" అని ఒకాయన గేట్‌కీపర్ మీద ఎగిరాడు.

చూసినవాడు తల నెరిసిన మనిషి. ఆ గూఢచారి సినిమాకి నాలుగు రోజులుగా ప్రతి ఆటకీ టికెట్ కొంటున్నాడు. లోపల మాత్రం కూర్చోడు. తలుపు దగ్గర నిలబడి వచ్చేపోయే ఆడవాళ్ళ మొహాలు చూస్తుంటాడు.

ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్న గేట్‌కీపర్ ఈసారి అతన్ని మేనేజర్ గదికి లాక్కెళ్ళాడు.

"ఏం పెద్దాయనా, ఈ వయసులో ఇదేం బుద్ధి?" అన్నాడు మేనేజర్.

"తప్పుగా అనుకోకండి బాబూ. మా ఆవిడా, అమ్మాయీ దూరమై పన్నెండేళ్ళయింది. ఈ సినిమాకి వస్తారని చూస్తున్నాను."

"వస్తే మా హాలుకే రావాలా?"

"నలభై హాళ్ళు తిరిగాను. అన్నిచోట్లా ఎత్తేశారు. ఇక మీ దగ్గరే ఆడుతోంది."

ఇక్కడా ఇదే ఆఖరి ఆట. బయట కొత్త సినిమా పోస్టర్లు అప్పుడే అంటిస్తున్నారు.

"పోలీసులకి చెప్పుకోలేకపోయావా?"

"ఏ పేరు చెప్పి వెతకమనను? మా ఆఫీసు వాళ్ళే వాళ్ళిద్దరి పేర్లు మార్చేశారు, ఊరు మార్చేశారు. నేను చచ్చిపోయానని వాళ్ళకి చెప్పారు."

మేనేజర్ పకపకా నవ్వి గేట్‌కీపర్ వైపు తిరిగాడు.

"విన్నావా? సెకండాఫ్‌లో హీరో డైలాగు, పొల్లు పోకుండా అప్పజెప్పాడు. పెళ్ళాం బిడ్డల్ని వెతుక్కుంటోంది హీరో అయితే, పిచ్చి పట్టింది ఈయనకి."

పెద్దాయన చేతులు జోడించాడు.

"ఆట వదిలేదాకా ఉండనివ్వండి బాబూ. ఒక్క గంట. ఆ తర్వాత వెతకడానికి నాకింకో దారి లేదు."

గేట్‌కీపర్ మనసు పీకింది. కానీ జాలి చూపిస్తే పొట్ట నిండదు.

"మళ్ళీ ఎవరైనా గోల పెడితే నీ ఉద్యోగం ఊడుతుంది. బస్సెక్కించి రా" అన్నాడు మేనేజర్.

గేట్‌కీపర్ పెద్దాయన్ని రెక్క పట్టుకుని రోడ్డు దాటించి, ఆగిన మొదటి బస్సులోకి ఎక్కించేశాడు. అదెక్కడికి పోతుందో కూడా చూడలేదు. పెద్దాయన కిటికీలోంచి హాలు వైపే చూస్తూ వెళ్ళాడు. పీడ వదిలిందనుకున్నాడు గేట్‌కీపర్.

ఆట వదిలారు. జనమంతా వెళ్ళిపోయినా ఓ తల్లీ కూతురూ లేవలేదు. ఆట మొదలయ్యాక హడావిడిగా చీకట్లో వచ్చినవాళ్ళు. ఇంటర్వెల్లోనూ సీట్లోంచి కదల్లేదు. ఇద్దరూ ఏడుస్తున్నారు.

"అయిపోయిందమ్మా, లేవండి. సినిమాకే ఇంత ఏడిస్తే ఎలా?"

"ఈ కథ ఎవరు రాశారు బాబూ?" తల్లి అడిగింది. "ఆఖర్న వేసిన పేర్లలో లేదు."

"మాకేం తెలుస్తుందమ్మా. ఎందుకు?"

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"హీరో ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు, పాప వెంటపడకుండా దాని చెప్పు ఒకటి సంచిలో దాచేస్తాడు కదండీ. మా నాన్న నా చెప్పు అలాగే తీసుకెళ్ళాడు. ఆ సంగతి మా ముగ్గురికి తప్ప ఎవ్వరికీ తెలీదు."

"ఆయన పోయారని ఆఫీసు వాళ్ళు చెప్పారు" అంది తల్లి. "పోలేదు బాబూ. ఈ కథ ఆయనే రాసుంటారు. ఆయన ఎక్కడున్నారో ఎవరినడిగితే తెలుస్తుందో చెప్పు, నీకు పుణ్యముంటుంది."

గేట్‌కీపర్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఏది ఎటు పోయిందో ఎవరికి తెలుసు?

వెనకే వచ్చిన తల్లీకూతుళ్ళ మొహాలు చూడలేక తల దించుకున్నాడు.

"మీకోసం నాలుగు రోజులు ఈ తలుపు దగ్గరే నిలబడ్డాడమ్మా మీ ఆయన... గంట కిందట నేనే రెక్క పట్టుకుని బస్సెక్కించాను."