ఏడో గది బెల్లు

ఏడో గది బెల్లు మళ్ళీ మోగింది. గుణశేఖర్ తలపట్టుకున్నాడు.

తిరువళ్ళూరు ఊరి బయట ఉన్న ఐస్‌క్రీమ్ గోడౌన్ అది. వరసగా ఫ్రీజర్ గదులు. లోపల ఎవరైనా చిక్కుకుపోతే నొక్కడానికి ప్రతి గదిలోనూ ఒక బెల్లు, దాని పక్కనే గోడకు ఒక ఫోను. ఆ బెల్లులన్నింటినీ కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటరు కనిపెట్టుకుని ఉంటుంది. దానికి ఇప్పుడున్న ప్రోగ్రాం రాసింది గుణశేఖరే. ఉద్యోగంలో చేరాక సొంతంగా చేసిన మొదటి పని.

పాత ప్రోగ్రాం ఒక్కో గది దగ్గరా ఆగి, జవాబు వచ్చేదాకా పక్కకు కదిలేది కాదు. ఒక లైను మొరాయిస్తే మిగతా గదుల గతి అంతే. గుణశేఖర్ దాన్ని మార్చేశాడు. ప్రతి బెల్లు లైనుకూ ఆ గది నంబరే ఇచ్చాడు. ఆ నంబర్లన్నీ ఒక్కసారే సిస్టమ్‌కు అప్పగించి, "వీటిలో ఏది పలికినా నన్ను లేపు" అని చెప్పి ప్రోగ్రాం నిద్రపోతుంది. ఏ బెల్లు మోగినా లేస్తుంది. గదులకు వెళ్ళే ఒకే ఒక్క ఫోను లైను ఖాళీ కాగానే ఆ గదికి కలుపుతుంది. ఎవరైనా ఎత్తితే కంట్రోల్ రూమ్‌లో కూర్చునే ఏళుమలై మాట్లాడతాడు. ఎత్తకపోతే తలుపు తీయడానికి మనుషులు పరుగెత్తాలి.

ఈసారీ ఏళుమలై ఫోను పెట్టేసి నవ్వాడు.

"దండపాణి సారే ఎత్తినాడు. లోపల స్టాకు చూసుకుంటా ఉండాడంట. ఎవురూ చిక్కుకోలేదు, తలుపు తెరిచే ఉందన్నాడు. నీ ప్రోగ్రాముకు దెయ్యం పట్టింది గుణా!"

దండపాణి ఆ వరస గదులకు సూపర్‌వైజరు. ఏటా ఆడి నెలలో పెరియపాళయం అమ్మవారి గుడికి మొక్కుగా నడిచివెళ్ళే మనిషి. గోడౌన్‌లో అందరికీ ఆయనంటే గౌరవం.

గుణశేఖర్ కోడంతా తిరగేశాడు. తప్పు దొరకలేదు. స్విచ్ మార్పించాడు, వైరు మార్పించాడు. కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ మొదలైంది. మొదలైతే ఆగదు. ఎవరో తరుముతున్నట్టు మోగుతూనే ఉంటుంది. నిద్రపోవలసిన ప్రోగ్రాం కన్ను మూయలేక ఏడో నంబరు చుట్టూనే తిరిగేది. ఉన్న ఒక్క ఫోను లైనూ దానికే సరిపోయేది.

ఒక మధ్యాహ్నం స్వెట్టరు వేసుకుని తనే వెళ్ళి ఆ గదిలో కూర్చున్నాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ బెల్లు మోగలేదు. అక్కడ డబ్బాలు పేరుస్తున్న షర్మిల అతని వంక చూసింది. అత్తిమంజేరిపేట నుంచి పనికి వచ్చే అమ్మాయి.

"అన్నా, ఈ బెల్లు కొడితే యాడ వినిపిస్తాది?"

"కంట్రోల్ రూమ్‌లో. ఎన్ని గదులుండనీ, ఎవురు నొక్కినా నా ప్రోగ్రాం వింటాది" అన్నాడు గర్వంగా.

ఆమె ఇంకేదో అనబోయింది.

"షర్మిలా, ఆ డబ్బాలు అట్లనే ఉండాయేంది?" అంటూ దండపాణి లోపలికి వచ్చాడు. ఆమె తల వంచుకుని పనిలో పడింది.

"చూసినావా తంబీ?" దండపాణి గుణశేఖర్ భుజం తట్టాడు. "తేమ పట్టి దానంతటదే కలుస్తా ఉంది. నా మాట విని ఆ లైను తీసేయ్. నేనెప్పుడూ ఈడనే ఉంటాను గదా. ఎవురికన్నా ఏమన్నా అయితే చూసుకోనా?"

ఆ తర్వాత కొద్ది రోజులకే మేనేజర్ మురళీధరన్ పిలిపించాడు.

"మూడో గదిలో నిజంగానే మనిషి చిక్కుకున్నాడు. నీ ఏడో గది గోలలో వాడికి ఫోను ఎప్పటికో గానీ కలవలేదు. బిగుసుకుపోయి ఉండాడు పాపం. ప్రాణం పోతే ఎవురు జవాబు చెప్తారు? దాన్ని ఈ పొద్దే తీసేయ్."

"సార్, లోపల బెల్లు అట్లనే ఉంటాది. నొక్కితే వినేదానికి ఎవురూ ఉండరు. పనిచేయదని ఒక బోర్డన్నా పెట్టించండి."

"సెరి, పెట్టిస్తాం."

గుణశేఖర్ వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ప్రోగ్రాం కనిపెట్టుకుని ఉండే నంబర్లలోంచి ఏడును తీసేశాడు. కోడులో ఒక్క వరస చెరిపితే అయిపోయింది.

బోర్డు ఎవరూ పెట్టలేదు. కంట్రోల్ రూమ్ మాత్రం చల్లబడింది. ఏళుమలై ప్రశాంతంగా టీ తాగాడు. మురళీధరన్ ఉద్యోగం పర్మనెంటు చేస్తానన్నాడు. ఆ కబురు విని దండపాణి స్వయంగా లడ్డూ తెచ్చి గుణశేఖర్ నోట్లో పెట్టాడు. అది తింటున్నంతసేపూ అతనికి ఏదో వెలితిగానే ఉంది. తప్పేమిటో దొరక్కుండానే తప్పు సరిచేసినవాడయ్యాడు.

మరి కొన్నాళ్ళకు, సాయంత్రం తిరుత్తణి రైల్లో షర్మిల కనిపించింది. ఎప్పుడూ ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కే మనిషి, వెతుక్కుంటూ వచ్చినట్టు అతని ఎదురుగా కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

"పని మానేసినావంట? వేరే యాడన్నా దొరికిందా?"

"లేదన్నా."

ఒళ్ళోని సంచి పక్కన పెట్టి ముందుకు వంగింది.

"ఆ ఏడో గది బెల్లు మీరే ఆపేసినారా?"

"ఆ. శానా సతాయించింది. ఇంగ మోగదులే" అని నవ్వాడు గుణశేఖర్.

షర్మిల నవ్వలేదు.

"ముందరయితే నేను బెల్లు నొక్కతా ఉంటే ఫోనన్నా వచ్చేదన్నా, 'ఎవురూ చిక్కుకోలేదు' అని మీకు చెప్పేదానికైనా దండపాణి నన్ను కాసేపు వదిలేవాడు."