తొట్టిలో ఆకులు

అక్టోబరు మూడో తేదీ, శనివారం పొద్దున హిలరీ తోట గేటుకు తాళం వేసింది.

పదింటికి ముసలాయన వచ్చాడు. చేతిలో ఎప్పటి బకెట్టే. అందులో ఎప్పటి పొట్టి చీపురే.

గేటు తోశాడు. కదల్లేదు. తాళం చూసి టోపీ తీశాడు.

"తాళం పడిందేంటమ్మా?"

"నేనే వేశాను. ప్రతి శనివారం నా తోటలోంచి పైకీ కిందికీ తిరుగుతుంటే ఎలాగండీ? భర్త పోయి ఒక్కదాన్నే ఉంటున్నాను."

"మా నాన్న నాటి నుంచీ ఇదే దారమ్మా, పై పొలానికి."

"నా కాగితాల్లో ఏ దారీ లేదు. మా లాయరు అన్నీ చూశాడు."

"ఎవరు, మన బజారులో ప్రోబర్ట్‌గారి అమ్మాయేనా?"

"కాదు. లండన్ కంపెనీ. అంతా కంప్యూటర్లోనే. మూడు వారాల్లో అయిపోయింది."

"ఆయనొచ్చి చూశాడా ఈ కొండ?"

"చూడక్కర్లేదు."

ముసలాయన తల తిప్పి కొండను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇంతదీ కంప్యూటర్లో పట్టిందన్నమాట."

హిలరీకి నవ్వు రాలేదు.

"అసలా బకెట్లో ఏం మోసుకెళ్తుంటారు?"

"ఆకులమ్మా."

"ఆకులా?"

"ఆకులే."

"ఆకులేరుకోడానికి నా తోటే దొరికిందా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు.

"సరేనమ్మా. లోపలికెళ్ళండి, చలిగా ఉంది."

ఆయన పేరు ఇద్వల్ అనీ, కింద పొలంలో ఒక్కడే ఉంటాడనీ మాత్రమే ఆమెకు తెలుసు. అదీ పోస్టాఫీసు ఎలునెడ్ చెబితేనే.

ఎలునెడ్ ఇంకోటి కూడా చెప్పింది, హిలరీ ఆ ఇల్లు కొనబోయే ముందు.

"ఈ వేల్స్ కొండల్లో ఇల్లు కొంటే లాయరు ప్రోబర్ట్ ఆఫీసు మెట్లెక్కాల్సిందేనండీ. ఆవిడ ఆలస్యం చేస్తుంది, నిజమే. వానలో బూట్లేసుకుని హద్దులన్నీ తిరుగుతుంది. గొర్రెల్ని కూడా సాక్ష్యం అడుగుతుంది."

"నాకంత తీరిక లేదు," అంది అప్పుడు హిలరీ.

తాళం వేసిన రెండు వారాలకు స్టాంపులు కొనడానికి వెళ్తే ఎలునెడ్ తలెత్తకుండానే అంది.

"ఇద్వల్ రోడ్డంట చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. రెండు మైళ్ళు. ఎనభై రెండేళ్ళ మనిషి."

"నేను పొమ్మన్నానా?"

ఎలునెడ్ స్టాంపులు చింపి ఇచ్చింది.

ఆ తర్వాత హిలరీ ఊరి కొట్లో అడుగుపెట్టగానే అందరి మాటలూ ఆమెకు రాని వెల్ష్ భాషలోకి మారిపోయేవి.

శనివారం పదయితే ఆమె తనకు తెలియకుండానే కిటికీ దగ్గరికి వెళ్ళేది. దూరంగా రోడ్డు మీద బకెట్టు మెల్లగా ఎక్కుతూ కనబడేది. వారం మొత్తానికి ఆ కిటికీలోంచి కనబడే మనిషి ఆయనొక్కడే.

ఫిబ్రవరిలో అదీ కనబడలేదు.

ఇద్వల్ అంత్యక్రియలకు వెళ్ళాలా వద్దా అని ఆమె తేల్చుకునేలోపే కార్లు చర్చి వైపు వెళ్ళిపోయాయి.

మాట వినబడని ఆ ఇంట్లో ఇంకో చలికాలం గడపలేననుకుంది. ఇల్లు అమ్మేసి బర్మింగ్‌హామ్‌లో చెల్లెలి దగ్గరికి పోవాలనుకుంది. కొనేవాళ్ళు దొరికారు కూడా.

ఆకులు రాలే కాలం వచ్చింది. కుళాయి ధార సన్నబడింది. ఓ పొద్దున ఆగిపోయింది.

అదే వారం కొనేవాళ్ళ లాయరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఇంటికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఏ హక్కుతో? కాగితం చూపకపోతే బేరం రద్దు.

లండన్‌కు ఫోన్ చేస్తే ఎవరిదో గొంతు, "మీ ఫైలు మూసేశామండీ," అంది.

హిలరీ ప్రోబర్ట్ ఆఫీసు మెట్లెక్కింది.

గుమ్మం పక్కన బురద బూట్లున్నాయి. షాన్ ప్రోబర్ట్ ఉత్తరం చదివి పక్కన పెట్టింది.

"మీ నీళ్ళు ఇద్వల్ పై పొలంలో ఊట నుంచి వస్తాయి. అక్కడో రాతి తొట్టి ఉంది. ఆకులు నిండితే ధార ఆగిపోతుంది."

హిలరీ చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

"ఆయన వాటికోసం... ఆయనింటికీ అవే నీళ్ళా?"

"ఆయనింటికి ఊరి కుళాయి వచ్చి పదిహేనేళ్ళయింది. ఆ తొట్టి మీ ఒక్క ఇంటిదే."

"మరి నా తోటలో దారి?"

"అది ఆయన హక్కండీ. ఆయన దస్తావేజులో గీత గీసి మరీ ఉంది. ఆయన నాతో ఒక్క ఉత్తరం రాయిస్తే మీరు తాళం తీయాల్సిందే. రాయిస్తారా అని అడిగాను కూడా. వద్దన్నాడు."



"ఇప్పుడా పొలం ఎవరిది?"

"కార్డిఫ్‌లో ఉండే ఆయన మేనల్లుడిది. అమ్మకానికి పెట్టాడు."

"అతను నీళ్ళు ఇవ్వనంటే?"

"అనలేడు."

షాన్ లేచి ఇనప పెట్టె తెరిచి, ఎర్ర టేపు కట్టిన పత్రం తెచ్చింది.

"ఇద్వల్ ఊట నీళ్ళు మీ ఇంటికీ, మీ తర్వాత ఆ ఇంట్లో ఉండేవాళ్ళకూ శాశ్వతంగా రాసిచ్చాడు. ప్రతిఫలం ఏమీ లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగినప్పుడే ఇవ్వమన్నాడు. 'ముందే ఇస్తే పాపం మొహమాటానికి తాళం తీస్తుంది. ఒంటరిగా ఉంటోంది, భయపడుతోంది, ఉండనీ' అన్నాడు."

హిలరీ పత్రం చివరి పేజీ తిప్పింది.

వణుకుతూ పెట్టిన సంతకం పక్కన తేదీ ఉంది: కిందటేడు అక్టోబరు అయిదు, సోమవారం. గేటుకు తాళం పడ్డ రెండు రోజులకు.