మిద్దె మీద ధ్రువం

మిద్దె మీది నల్లబండలకు సున్నం కొట్టించమని కోడలు మహేశ్వరి అడగడం అది మూడోసారి. పత్తి వ్యాపారి శేషప్ప మూడోసారీ ససేమిరా అన్నాడు. పోయినేడు బేతంచెర్ల నుంచి ఏరికోరి తెప్పించిన బండలవి. ఆదోనిలో అలాంటి మిద్దె ఇంకొకరికి లేదని ఆయనకు మహా గర్వం.

"సంతోషికి ఒళ్లంతా చెమటకాయలు మామా. ఎనిమిది నెలల బిడ్డ, పగలు కన్ను మూస్తే ఒట్టు. ధ్రువాల కాడ సముద్రం మీద తెల్లటి మంచు ఉంటాది. ఎండను వచ్చినదాన్ని వచ్చినట్లే తిప్పి పంపుతాది. అది కరిగితే కింద నల్లనీళ్లు ఎండంతా మింగుతాయి. మింగేకొద్దీ ఇంకా కరుగుతాది. మన మిద్దె కూడా..."

"యాడ ధ్రువం, యాడ ఆదోని? ఆ ఫోను పక్కన పెట్టి బిడ్డకు విసురు పో."

అసలే ఆయన చికాకులో ఉన్నాడు. పత్తికి చెమ్మ పట్టిందని ఎమ్మిగనూరు మిల్లువాళ్లు సరుకు వద్దన్నారు. ఏప్రిల్ ఎండల్లో చెమ్మేమిటి? గోడౌన్ పైకప్పు చూశాడు. గోడలు తడిమాడు. పాపం, హమాలీ తిరుపాల్‌ను నానా మాటలూ అన్నాడు. ఇది చాలదన్నట్టు, వారంగా నీళ్ల రాగిచెంబు కనబడడం లేదని భార్య లక్ష్మీదేవి సతాయింపు ఒకటి.

"మిద్దె మీద ఆరబోస్తే సరిపోతాది కదా మామా," అంది మహేశ్వరి వినయంగా.

ఆ మాట ఆయనకు నచ్చింది. మిద్దె నిండా పత్తి పరిచి, గాలికి ఎగరకుండా వల కప్పించాడు. నల్లబండ ఒక్కటీ కనబడలేదు. ఆ మధ్యాహ్నం సంతోషి రెండు గంటలు నిద్రపోయింది. తాత మూడు గంటలు గురక పెట్టాడు. నాలుగు రోజులు అదే వైభోగం.

ఐదోనాడు పత్తి ఆరి లారీ ఎక్కింది. పన్నెండింటికల్లా ఇల్లు పెనంలా కాలింది. బిడ్డ గుక్కపట్టింది. ఎత్తుకుని తిప్పుతూ శేషప్ప పైకప్పు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. ఆయన చెప్పినట్టే ఆమె బిడ్డకు విసరసాగింది. అదే ఆయనకు ఎక్కువ మంట.

"మంచు కరిగిపాయ," అని గొణిగాడు. "తిరుపాల్‌ను సున్నం తెమ్మని సెప్పు."

సాయంత్రానికి మిద్దె తెల్లగా మెరిసింది.

సంతోషి హాయిగా నిద్రపోతుండగా, గోడౌన్‌లో పత్తి బస్తాలు ఉండిన మూల నుంచి రాగిచెంబు మహేశ్వరి కొంగుచాటున వంటింటికి తిరిగొచ్చింది.